అవధానం తప్పినదెవరికి?

ఛందస్సు గురించో, నానార్థాల గురించో వ్రాసుకునే ఈ చోట నేడు వైద్యశాస్త్ర చరిత్రను ముందు వేసుకున్నందుకు మన్నించాలి. నేను పండిత శిక్షణ పొందినదానినే గాని వైద్యురాలిని కాను. అయినా వ్రాయక తప్పలేదు. కారణం ఒక బస్సు ప్రయాణం.

గత నెలలో సంగారెడ్డి నుండి పటాన్‌చెరు వెళ్ళవలసిన పని పడింది. 2023 డిసెంబరులో ఆడవారికి ఉచిత ప్రయాణం మొదలైన నాటి నుండి ఆ దారి బస్సులలో కూర్చునే చోటు దొరకడం అపురూపం. పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాటగానే ఒకామె లేచి, "మేడం, మీరు కూసోండ్రి" అని తన చోటు ఇచ్చింది. నలభై అయిదేళ్ళు ఉంటాయేమో. మెడలో కంపెనీ గుర్తింపు కార్డు, చేతిలో టిఫిను డబ్బా.

"గుర్తు పట్టలేదా మేడం? ఎనిమిదో తరగతిల మీరు నన్ను పరాకు పిల్ల అంటుంటిరి."

పేరు చెప్పగానే ముఖం గుర్తుకు వచ్చింది. పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగు విభాగంలో పనిచేస్తున్నదట. కంది దాటేలోగా క్షేమసమాచారాలు అయిపోయాయి. రుద్రారం వచ్చేలోగా అసలు మాట చెప్పింది.

"మా చిన్నోనికి ఏడీహెచ్‌డీ అన్నడు మేడం డాక్టరు. పిలగాని గురించి అడుగుతా అడుగుతా నా దిక్కు చూసి, 'అమ్మా, చిన్నప్పుడు నువ్వు గూడ ఇట్లనే ఉంటివా' అన్నడు. నాకు గూడ అదే ఉన్నదట. నెలల మూడు వారాలు ఎట్లనో నడుస్తది. డేటు ముందర వారం రోజులు మాత్రం చేతుల పట్టుకున్న డబ్బా కోసమే వెతుకుత. ఈ రెండేండ్ల సంది డేట్లే సక్కగ లేవు. ఇగ ఏ వారం ఎట్లుంటదో నాకే తెల్వదు."

ఇస్నాపూర్ వచ్చింది. దిగబోతూ నవ్వుతూనే అడిగింది. "ఈ పిల్లకు సదువు మీద మనసు లేదని మా అమ్మకు చెప్పిండ్రు గదా మేడం. నాకు నిజంగనే మనసు లేకుండెనా?"

జవాబు చెప్పేలోగా దిగి జనంలో కలిసిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఈ నెల రోజులూ చదివినదాని సారాంశమే ఈ వ్యాసం.

*

ముందుగా మాట సంగతి. ఏడీహెచ్‌డీకి మనవాళ్ళు అవధాన లోపం, అతిచంచలత్వం అని రెండు ముక్కలుగా అర్థం చెబుతారు. అవధానం అన్నది తెలుగువారికి కొత్త మాట కాదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒక్క మనిషిని చుట్టుముట్టి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి ఇస్తారు. వారిలో ఒకరి పని కేవలం అప్రస్తుత ప్రసంగం, అంటే అడ్డు ప్రశ్నలతో అవధాని మనసును చెదరగొట్టడం. వాటన్నిటినీ తట్టుకుని, చివరకు పద్యాలన్నింటినీ ధారణతో అప్పజెప్పగలిగినవాడే అవధాని. 

ఈ రుగ్మత ఉన్నవారికి లోకమంతా అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడే. వారికి అవధానం బొత్తిగా లేకపోవడం కాదు, అది చెప్పినట్టు వినదు. ఇష్టమైన పనిలో గంటల తరబడి మునిగిపోతారు. పొయ్యి మీద పాలు మాత్రం పొంగిపోతాయి. ఒక మాటను మనసులో నిలుపుకుని రెండవ పని చేయడం, అంటే మనం ధారణ అనేది, వారికి చాలా కష్టం. కొందరిలో కాళ్ళూ చేతులూ నిలవవు. కొందరిలో కదలిక పైకి కనబడదు, మనసు మాత్రమే తిరుగుతూ ఉంటుంది. ఆడపిల్లలలో ఈ రెండవ రకం ఎక్కువ. ఈ తేడాను లోకం గమనించడానికి పట్టిన కాలమే నేను చెప్పదలచిన చరిత్ర.

*

1902వ సంవత్సరం, లండను నగరం. జనవరిలో అక్కడి యూనివర్సిటీ కాలేజీ ప్రయోగశాలలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక వింత కనుగొన్నారు. చిన్నప్రేగు గోడలో పుట్టిన ఒక రసాయనం, నరాల సాయం లేకుండానే, రక్తంలో ప్రయాణించి క్లోమాన్ని పనిచేయిస్తున్నది. శరీరంలో ఒక అవయవం మరొకదానికి రసాయనంతో కబురు పంపుతుందని అప్పుడు తెలిసింది. 

రెండు నెలలు గడిచాయి. మార్చిలో అదే నగరంలో రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్ వేదిక మీద జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు మూడు ఉపన్యాసాలు చేశాడు. తెలివికి లోటు లేకున్నా, ఒక పని మీద మనసు నిలుపలేక, తొందరపాటును అణచుకోలేక బాధపడే పిల్లలను ఆయన వర్ణించాడు. నేటి ఏడీహెచ్‌డీ చరిత్రను చాలామంది అక్కడి నుండే లెక్కిస్తారు. ఆయన వివరించిన ఇరవైమంది పిల్లలలో పదిహేనుమంది బాలురు, అయిదుగురు బాలికలు. ఆ స్థితికి ఆయన పెట్టిన పేరు "నైతిక నిగ్రహ లోపం". మొట్టమొదటి పేరులోనే శరీరధర్మం, శీలం ముడిపడిపోయాయి గదా.

మరి మూడేళ్ళకు, 1905లో, అదే రాయల్ కాలేజీ ఉపన్యాసాలలో స్టార్లింగ్ ఆ రసాయన దూతలకు "హార్మోన్" అని పేరు ప్రకటించాడు. ప్రేరేపించడం, కదిలించడం అని అర్థమిచ్చే గ్రీకు ధాతువు నుండి తీసిన మాట అది. మన పాఠ్యపుస్తకాలలో వినాళ గ్రంథుల స్రావాలు అని చదువుకున్నది వీటినే.

ఒకే ఊరు, ఒకే సంస్థ, మూడేళ్ళ వ్యవధి. ఒకరు చెదిరే మనసు గురించి మాట్లాడారు, మరొకరు రక్తంలో ప్రవహించే ప్రేరకాల గురించి మాట్లాడారు. ఈ రెండింటికీ సంబంధం ఉండవచ్చునని, ఆ సంబంధం ఆడవారి జీవితాలలో నెలనెలా కనబడుతున్నదని గట్టిగా పరిశీలించడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది.

*

మధ్యలో ఏమి జరిగినది? మొదటి చరిత్ర మగపిల్లల వెంట నడిచింది. అంతకు ముందే, 1840 దశకంలో, జర్మనీ వైద్యుడు హైన్రిష్ హాఫ్‌మన్ తన కుమారుని కోసం వ్రాసిన బొమ్మల పుస్తకంలో భోజనాల బల్ల దగ్గర కుదురుగా కూర్చోలేని ఫిలిప్ అనే పిల్లవాడు వచ్చాడు. ఆకాశం చూస్తూ నడిచి నీళ్ళలో పడే హాన్స్ కూడా వచ్చాడు. ఇద్దరూ బాలురే. 

1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఛార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు తన వైద్యశాలలోని ముప్ఫైమంది పిల్లలకు బెంజెడ్రిన్ అనే ఉత్తేజక ఔషధం ఇచ్చి చూశాడు. ఉత్తేజకం ఇస్తే పిల్లలు మరింత ఎగురుతారని ఎవరైనా అనుకుంటారు. వారిలో సుమారు సగంమంది చిత్రంగా కుదురుకుని చదువులో పడ్డారు. ఆ ముప్ఫైమందిలో ఇరవై ఒక్కరు బాలురు, తొమ్మిదిమంది బాలికలు. ఆ వైద్యశాల పేరు ఎమ్మా పెండిల్టన్ బ్రాడ్లీ హోం. చిన్నతనంలో మెదడువాపు వచ్చి జీవితాంతం బాధపడిన ఒక ఆడపిల్ల పేరు అది. ఆమె తల్లిదండ్రుల ఆస్తితోనే 1931లో ఆ వైద్యశాల ఏర్పడింది.

1944లో స్విట్జర్లండులోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ అనే రసాయనజ్ఞుడు మిథైల్ ఫెనిడేట్‌ను తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట దానిని తీసుకుంటే టెన్నిస్ ఆటలో చురుకుగా ఉన్నదట. ఆమె ముద్దుపేరు రీటా. 1950 దశకంలో ఆ మందు రిటాలిన్ అనే పేరుతో బజారుకు వచ్చింది. వైద్యశాలకు ఒక బాలిక పేరు, మందుకు ఒక ఇల్లాలి పేరు. వ్యాధి లక్షణాలు మాత్రం మగపిల్లలను చూసి వ్రాసుకున్నవి!

1968లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ణయ గ్రంథంలో దీనిని "బాల్యంలోని అతిచంచల ప్రతిక్రియ" అన్నది. చంచలత్వం కనబడకపోతే రోగం లేనట్లే. 1980లో అవధానానికి ప్రాధాన్యమిచ్చి, చంచలత్వం లేని రకం కూడా ఉన్నదని ఒప్పుకున్నది. కాని లక్షణాలు ఏడేళ్ళ వయసు లోపలే మొదలై ఉండాలని నియమం పెట్టింది. 1994 నాటి గ్రంథం బాలురు, బాలికల నిష్పత్తిని సామాన్య జనంలో నాలుగుకు ఒకటి అనీ, వైద్యశాలలలో తొమ్మిదికి ఒకటి అనీ చెప్పింది. ఆ రెండు అంకెల తేడా గమనించండి. ఇంట్లో ఉన్న ఆడపిల్లలలో సగానికి పైగా వైద్యుని గడప తొక్కనే లేదని దాని అర్థం. కిటికీ అద్దం పగులగొట్టినవాడిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళారు. ఆ కిటికీలో నుండి బయటకు చూస్తూ కూర్చున్న పిల్లను ఎవరూ తీసుకువెళ్ళలేదు.

2013లో ఆ ఏడేళ్ళ హద్దును పన్నెండేళ్ళకు పెంచారు. అదే గ్రంథంలో నిష్పత్తి పిల్లలలో రెండుకు ఒకటి, పెద్దలలో ఇంచుమించు ఒకటిన్నరకు ఒకటిగా మారింది. ఈ నలభై ఏళ్ళలో ఆడవారిలో రోగం పెరగలేదు, చూసే కన్ను మారింది.

*

ఇక రెండవ చరిత్ర. 1929లో అమెరికాలో ఎడ్వర్డ్ డాయిసీ, జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ ఎవరి మటుకు వారు ఈస్ట్రోజెన్ జాతికి చెందిన తొలి హార్మోనును శుద్ధరూపంలో వేరుచేశారు. చాలాకాలం దానిని గర్భాశయానికీ, అండాశయానికీ చెందిన సంగతిగానే చూశారు. మెదడుకు దానితో ఏమి పని అన్నది ఆలస్యంగా వచ్చిన ప్రశ్న. 

దీనికి మరొక కారణం ఉన్నది. థాలిడోమైడ్ అనే మందు గర్భస్థ శిశువులకు చేసిన ఘోరం తరువాత జాగ్రత్త పెరిగింది. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, బిడ్డలను కనే వయసులోని స్త్రీలను మందుల తొలి దశ పరీక్షల నుండి మినహాయించమన్నది. ఆ నియమం 1993 వరకు సాగింది. నెలనెలా మారే శరీరం లెక్కలను గందరగోళం చేస్తుందని ప్రయోగశాలలో ఎలుకలను సైతం మగవాటినే ఎంచుకునేవారు. ఏ మార్పును అర్థం చేసుకోవాలో ఆ మార్పే అడ్డమని పక్కన పెట్టారన్నమాట.

ఇప్పుడు తెలిసినంతలో విషయం ఇది. అవధానాన్నీ, ధారణనూ నడిపే మెదడు ముందుభాగానికి డోపమైన్ అనే రసాయనం అవసరం. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో దాని వ్యవహారం సవ్యంగా సాగదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రిటాలిన్ వంటి మందులు దానినే సరిదిద్దుతాయి. ఈస్ట్రోజెన్ ఆ డోపమైన్‌కు ఊతమిస్తుంది. 2011లో కాలిఫోర్నియాలో ఎమిలీ జేకబ్స్, మార్క్ డి ఎస్పొసీటో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని చక్కగా చూపింది. ఒకే స్త్రీ ధారణాశక్తి నెలలోని రోజును బట్టి మారుతుంది. ఆ మార్పు ఏ దిశగా అన్నది ఆమెకు పుట్టుకతో వచ్చిన డోపమైన్ స్థాయిని బట్టి ఉంటుంది. సహజంగా డోపమైన్ తక్కువ ఉన్నవారికి ఈస్ట్రోజెన్ పెరిగిన రోజులు మేలు చేశాయి.

నెల మొదటి సగంలో ఈస్ట్రోజెన్ క్రమంగా పెరుగుతుంది. అండం విడుదలైన పిమ్మట ఒకసారి తగ్గి, ప్రొజెస్టరోన్‌తో కలిసి కొంత లేచి, ముట్టుకు ముందు రోజులలో రెండూ పడిపోతాయి. మామూలు స్త్రీకి ఆ రోజులలో కాస్త చిరాకు, అలసట. అసలే డోపమైన్ ఊతం తక్కువైన స్త్రీకి మాత్రం ఉన్న కర్ర కూడా లాగేసినట్టు అవుతుంది. 2018లో అమెరికాలో మిషెల్ మార్టెల్ బృందం 32 మంది యువతుల లాలాజలంలో హార్మోన్లను 35 రోజులపాటు ప్రతిదినం కొలిచింది. ఈస్ట్రోజెన్ పడిపోయి, తక్కిన హార్మోన్లు ఎక్కువగా ఉన్న రోజుకు మరునాడు అవధాన లోప లక్షణాలు పెరిగాయి. తొందరపాటు స్వభావం ఉన్నవారిలో ఆ పెరుగుదల మరింత స్పష్టంగా ఉన్నది.

2021లో నెదర్లండ్స్‌లో ఏడీహెచ్‌డీ ఉన్న 209 మంది స్త్రీలను ప్రశ్నించారు. వారిలో 45 శాతానికి పైగా ముట్టుకు ముందు తీవ్రమైన మనోవేదన లక్షణాలు చెప్పారు. తల్లులైనవారిలో సగానికి పైగా తొలికాన్పు తరువాత దిగులు లక్షణాలు చెప్పారు. 2023లో స్వీడన్ దేశపు జాతీయ రికార్డులను పరిశీలిస్తే, ఏడీహెచ్‌డీ ఉన్న బాలింతలలో దిగులు, ఆందోళన రోగాలు తక్కినవారికంటే సుమారు అయిదు రెట్లు కనబడ్డాయి. అదే ఏడాది నెదర్లండ్స్ వైద్యులు, ముట్టుకు ముందు వారంలో మందు మోతాదు పెంచి చూసిన తొమ్మిదిమంది స్త్రీల అనుభవాన్ని ప్రచురించారు. తొమ్మిదిమందికీ మేలు కలిగిందని వ్రాశారు. తొమ్మిది చిన్న సంఖ్యే, కాని ఒక ప్రశ్న సరిగా అడిగారన్నది ముఖ్యం.

చివరిది ముట్లుడిగే దశ. ఈస్ట్రోజెన్ మెట్టుమెట్టుగా దిగదు. కొన్నేళ్ళపాటు ఎగిరి పడుతూ, పడి ఎగురుతూ చివరకు అణగారుతుంది. పాశ్చాత్య స్త్రీలలో సగటున 51 ఏళ్ళకు వచ్చే ఈ దశ మన దేశంలో 46, 47 ఏళ్ళకే వస్తుంది. మా శిష్యురాలు చెప్పిన "ఏ వారం ఎట్లుంటదో" అన్న మాట ఏ వైద్యగ్రంథానికీ తీసిపోని వర్ణన.

*

మన ఆచారాలు ఈ శరీరధర్మాన్ని గమనించలేదని కాదు. ముట్టైన మూడు రోజులు లెక్కపెట్టారు, ఆమెను దూరంగా కూర్చోబెట్టారు. బాలింతకు పథ్యం, పురుడు, స్నానాలు ఏర్పరచారు. కాని ఆ మూడు రోజులకు ముందు గడిచే వారాన్ని ఎవరూ లెక్కించలేదు. మనసు చెదిరే రోజులు అవే. లెక్కంతా మైలకు సంబంధించినది గాని మనిషికి సంబంధించినది కాదు. చరకుడు ధీ, ధృతి, స్మృతి అని మూడింటిని వేరువేరుగా చెప్పి, అవి భ్రష్టమైతే మనిషి చేసే పొరపాటును ప్రజ్ఞాపరాధం అన్నాడు. ఈనాటి రుగ్మత పేరును ఆయనకు అంటగట్టను గాని, తెలివి వేరు, నిలకడ వేరు, జ్ఞాపకం వేరు అన్న వివేకం మాత్రం మనకు కొత్త కాదు. తరగతి గదిలో ఆ మూడింటినీ కలిపి ఒకే మార్కు వేసినది మాబోటి వారమే.

ఆ పిల్ల విషయం చెబుతాను. ఆరు, ఏడు తరగతులలో చురుకైనదే. పద్యం అప్పజెప్పమంటే మధ్యలో ఒక పాదం మరచినా మిగిలినదంతా రాగయుక్తంగా చదివేది. ఎనిమిదవ తరగతిలో పెద్దమనిషి అయింది. పదిహేను రోజులకు బడికి తిరిగి వచ్చింది. ఆ తరువాత నోటుపుస్తకం తెచ్చిన రోజు కలం తేదు, కలం తెచ్చిన రోజు పుస్తకం తేదు. పిలిస్తే ఉలిక్కిపడేది. ఒక వారం బాగా వ్రాసి మరు వారం ఖాళీ కాగితం ఇచ్చేది. వ్రాయగలిగి కూడా వ్రాయడం లేదంటే అది పొగరే అనుకున్నాను. వాళ్ళమ్మను పిలిపించి, "ఈ పిల్లకు చదువు మీద మనసు లేదు" అన్నాను. వయసు వచ్చిన ఆడపిల్లకు చదువు మీద మనసు లేదంటే, మరి ఎక్కడ ఉన్నట్టు? ఆ ఊరిలో ఆ మాటకు ఏ అర్థం తీస్తారో పండితురాలినైన నాకు తెలియదా? పదవ తరగతి తప్పిన ఏడాదే ఆమెకు పెళ్ళి చేశారు. పెళ్ళికి నేనూ వెళ్ళాను, అక్షతలు వేశాను.

ఇలాంటి పిల్లలకు ఏమవుతుందో తెలుసుకోవాలని 1997 నుండి కాలిఫోర్నియాలో స్టీఫెన్ హిన్‌షా అనే ఆచార్యుడు ఏడీహెచ్‌డీ ఉన్న 140 మంది బాలికలనూ, లేని 88 మందినీ ఏళ్ళ తరబడి వెంట నడిచి పరిశీలించాడు. 2012లో ప్రచురించిన ఫలితాలు చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యౌవనానికి వచ్చేసరికి, చాంచల్యమూ అవధాన లోపమూ రెండూ ఉన్నవారిలో 22 శాతం మంది ఏదో ఒకసారి ఆత్మహత్యకు ప్రయత్నించారు. రుగ్మత లేనివారిలో అది 6 శాతం. మరపు, పరాకు అని మనం నవ్వుకునేవాటి వెనుక ఎంత ఆత్మనింద పేరుకుంటుందో ఆ అంకెలు చెబుతున్నాయి.

*

ఇప్పుడు మళ్ళీ మా రోడ్డు మీదికి వస్తాను. పూర్వం తొమ్మిదవ నంబరు జాతీయ రహదారి, నేడు అరవై అయిదు. ఈ రోడ్డు వెంటే మందుల చరిత్ర ఉన్నది. కూకట్‌పల్లి పక్కన బాలానగర్‌లో సోవియట్ సహాయంతో కట్టిన ఐడీపీఎల్ కర్మాగారం 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1970 నాటి పేటెంట్ల చట్టం, మందుకు గాక తయారుచేసే పద్ధతికి మాత్రమే హక్కు ఇవ్వడంతో, అక్కడ పని నేర్చినవారు సొంతంగా కంపెనీలు పెట్టగలిగారు. ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించాడు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం పొలాలలో పొగగొట్టాలు లేచాయి. ఐడీపీఎల్ ఖాయిలా పడి మూతబడినా దాని విద్య ఈ ప్రాంతమంతా పాకింది. 

ఏడీహెచ్‌డీకి వాడే అటోమొక్సెటిన్ అనే మందు 2002లో అమెరికాలో అనుమతి పొందింది. 2017 మేలో దాని జెనెరిక్ రూపానికి అక్కడ తొలి అనుమతులు దొరికిన నాలుగు కంపెనీలలో హైదరాబాదు కేంద్రంగా గల అరబిందో ఫార్మా ఒకటి. మందును చేయగల విద్య మన ముంగిటనే ఉన్నది. ఆ మందు ఎవరికి అవసరమో గుర్తించే చూపు మాత్రం బడికీ, ఇంటికీ ఇంకా చేరలేదు.

దానికి అడ్డుపడే భయం కూడా ఈ రోడ్డు మీదనే ఉన్నది. నిజాం కాలంలో జాల్నాలో ఉండిన మానసిక వైద్యశాల 1950 దశకంలో ఎర్రగడ్డకు వచ్చింది. నాటి నుండి "ఎర్రగడ్డకు పంపాలె" అన్నది మా వైపు వెక్కిరింతగా స్థిరపడిపోయింది. మనసుకు వైద్యం చేసే చోటును తిట్టుగా మార్చుకున్న మనం, బిడ్డను అక్కడికి ఎలా తీసుకువెళతాం? ఇక రిటాలిన్ మందు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఉన్నందున దుకాణంలో సులువుగా దొరికేది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క వైకల్యాలను పేర్కొన్నది. వాటిలో అభ్యసన వైకల్యం ఉన్నది గాని ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు.

అయితే ఒక హెచ్చరిక. ఇది చదివి, మరచిపోయే ప్రతి ఆడమనిషికీ ఈ రోగమే ఉన్నదని అనుకోరాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతానికి రక్తహీనత. రక్తం తక్కువైనా మనసు నిలవదు. థైరాయిడ్ లోపం, దిగులు, నిద్రలేమి కూడా ఇలాగే కనబడతాయి. వేకువన నాలుగింటికి లేచి వంట చేసి, ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి, రాత్రి పదకొండుకు గిన్నెలు కడిగే మనిషి ఏదైనా మరచిపోతే అది రుగ్మత కాదు, బతుకు బరువు. ఏడీహెచ్‌డీ పుట్టుకతో వచ్చేది, చిన్ననాటి నుండి ఆనవాళ్ళు ఉండేది, వంశంలో నడిచేది. బిడ్డకు ఉన్నదంటే తల్లినీ తండ్రినీ అడగడం అందుకే. నిర్ణయించవలసినది మనోవైద్యుడే. హార్మోను మాత్రలు గాని, ఉత్తేజకాలు గాని సొంతంగా మింగరాదు.

చేయగలిగిన చిన్న పని ఒకటి ఉన్నది. మన ఇళ్ళలో గోడకు తెలుగు క్యాలెండరు వేలాడుతూనే ఉంటుంది. పాల లెక్క, గ్యాసు బండ తేదీ, చీటీ వాయిదా దాని మీదే వ్రాస్తాం. ఎవరికీ తెలియకుండా ఒక మూల చుక్క పెట్టి మరొక తేదీని కూడా గుర్తుంచుకుంటాం. ఆ చుక్కతోపాటు, మనసు బొత్తిగా నిలవని రోజులకు ఒక గీత గీయండి. రెండు మూడు నెలలు అలా గీసి, ఆ కాగితం వైద్యునికి చూపండి. 35 రోజుల లాలాజల పరీక్షకు మనకు వీలు లేకపోవచ్చు, చుక్కకూ గీతకూ మధ్య దూరం కొలవడానికి వీలున్నది. ముందుగా ఫోనులో మాట్లాడదలచినవారికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416 ఉన్నది, తెలుగులోనే మాట్లాడవచ్చు. సంగారెడ్డిలోనే 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఎర్రగడ్డ దాకా పోవాలన్న భయం అవసరం లేదు.

పంతులమ్మలకు నా విన్నపం ఒక్కటే. ఒక వారం బాగా వ్రాసి, మరు వారం ఖాళీ కాగితం ఇచ్చే పిల్ల కనబడితే, పొగరు అనే ముందు తేదీ చూసుకోండి. తల్లిని పిలిపించండి. కాని ఏ మాట అంటున్నామో అవధానంగా చూసుకుని అనండి.

మొన్న శుక్రవారం మళ్ళీ అదే బస్సు ఎక్కాను, కావాలనే. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఆమె ఎక్కింది. పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"బిడ్డా, ఆ రోజు నీవు అడిగినదానికి జవాబు చెబుతాను. నీకు మనసు ఉండె. నాకే చూడడం రాలేదు" అన్నాను.

కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. రుద్రారం దాటిన తరువాత టిఫిను డబ్బా మూత తీసి, రెండు సకినాలు నా చేతిలో పెట్టి, "తినుండ్రి మేడం, డబ్బా తెచ్చుడైతే యాదికున్నది ఇయ్యాల" అని నవ్వింది. ఇస్నాపూర్‌లో దిగుతూ కిటికీ దగ్గరకు వచ్చి చేయి ఊపింది. బస్సు కదిలేసరికి కండక్టరు కేకేశాడు. డబ్బా సీటు మీదనే ఉన్నది. కిటికీలో నుండి అందించాను.